అత్తకు మీసాలుంటే... అట్లీకి ఓట్లు రాకుంటే...

అత్తకు మీసాలుంటే మావయ్యా అని పిలిచేవాళ్లం కదా అంటారు మన పెద్దవాళ్లు. జరగని దాని గురించి మాటలెందుకురా, వెళ్లి పని చూసుకో అని దానర్థం. కానీ మొన్న సంక్రాంతికి మా ఇంట్లో మూడు రోజులపాటు ఆ మీసాల గొడవే నడిచింది. కారణం మా అక్క కొడుకు. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉద్యోగం. పండక్కి వస్తూ మాకు చాక్లెట్లు, తనకు చదువుకోవడానికి లావుపాటి పుస్తకాలు తెచ్చుకున్నాడు. అన్నీ ఒకే రకం. బ్రిటన్‌లో ఫలానా ఎన్నికల్లో ఫలానా ఆయన ఓడిపోకపోతే ఏమయ్యేది, ఫలానా ఆయన ప్రధానమంత్రి అయ్యుంటే ఏమయ్యేది... ఇదీ వరస.

"వాళ్లకేం పనిలేదా?" అంది మా అక్క, అరిసెలు వత్తుతూ.

"పెద్దపెద్ద ప్రొఫెసర్లు రాస్తారమ్మా ఇవి" అన్నాడు వాడు.

నిజమే. 1997లో పార్లమెంటు సీటు పోగొట్టుకున్న మైకేల్ పోర్టిల్లో అనే నాయకుడు గెలిచి ప్రధాని అయినట్టు ఊహిస్తూ, ఆయన పేరే పెట్టి 2003లో ఒక పుస్తకం వేశారు. అంతెందుకు? విన్‌స్టన్ చర్చిల్ అంతటివాడు ప్రధాని కాకముందు ఈ ఆటే ఆడాడు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని లీ గెటిస్‌బర్గ్ యుద్ధం గెలిచినట్టు, ఆ లోకంలో ఒక చరిత్రకారుడు 'లీ గెలవకపోతే ఏమయ్యేదో' అని ఆలోచిస్తున్నట్టు తిరగేసి రాశాడు. తర్వాత తన మీదే ఇలాంటి కథలు బోలెడు వస్తాయని అప్పుడాయనకు తెలియదు పాపం.

"మావయ్యా, ఇవన్నీ లండన్ గొడవలు. విశాఖపట్నానికేం సంబంధం అంటావా?" అన్నాడు మేనల్లుడు. ఆ మాటతో నేను దొరికిపోయాను. నేను పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో. సంబంధం లేదని ఎలా అంటాను?

మనమైతే ఎన్నికలు రాగానే ఎవరు ప్రధాని అని అడుగుతాం. బ్రిటన్‌లో ఎన్నో సార్లు ఎన్నికలు లేకుండానే ప్రధాని మారిపోతాడు. మన రేవు కట్టిన రోజులే చూడండి. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మన కొత్త హార్బరులోకి మొట్టమొదట వచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రేవును ప్రారంభించాడు. అప్పుడు లండన్‌లో ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్. లేబర్ పార్టీ మొదటి ప్రధాని ఆయనే. కానీ 1931లో సొంత పార్టీని వదిలేసి, ప్రత్యర్థులైన కన్సర్వేటివ్‌లతో కలిసి ప్రభుత్వం పెట్టాడు. పార్టీ ఆయన్ను వెలేసింది. ఆయారాం గయారాం అన్న మాట మన దగ్గర 1967లో పుట్టింది గానీ, సరుకు పాతదే!

ఇలా ఎన్నిక లేకుండా జరిగిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది 1940 మేలో జరిగింది. నార్వేలో యుద్ధం బెడిసికొట్టింది. పార్లమెంటులో ఓటింగు పెడితే చాంబర్లేన్ ప్రభుత్వం 281-200తో గెలిచింది. గెలిచినా ఓడినట్టే, ఎందుకంటే మామూలుగా 200 దాటే మెజారిటీ 81కి పడిపోయింది. మర్నాడు ఒక గదిలో కూర్చుని వారసుణ్ని తేల్చుకున్నారు. పోటీలో ఇద్దరు. ఒకరు చర్చిల్, రెండో ఆయన లార్డ్ హాలిఫాక్స్. చాంబర్లేన్‌కు, రాజుగారికి హాలిఫాక్సే ఇష్టం. ఆయనే వెనక్కి తగ్గాడు.

ఈ హాలిఫాక్స్ ఎవరో తెలుసా? మన వైస్రాయి ఇర్విన్. 1931లో గాంధీజీతో ఒప్పందం చేసుకున్న ఇర్విన్ ప్రభువే పేరు మారి హాలిఫాక్స్ అయ్యాడు. గాంధీజీ వైస్రాయి భవనం మెట్లెక్కడం చూసి మండిపడిన మనిషి చర్చిల్. అంటే ఆ రోజు ఆ గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు మనతో మాట్లాడినవాడు, ఇంకొకరు మాట్లాడకూడదన్నవాడు.

"అయితే హాలిఫాక్స్ ప్రధాని అయ్యుంటే మనకి ముందే స్వతంత్రం వచ్చేసేదన్నమాట" అన్నాడు మేనల్లుడు. అంత తొందర పనికిరాదు. ఉప్పు సత్యాగ్రహంలో వేలమందిని జైళ్లలో పెట్టించిన వైస్రాయి కూడా ఈ ఇర్వినే. పైగా 1940 మే నెలాఖరులో, ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధి మాటలు కదిలించి చూద్దామన్నదీ ఆయనే. హిట్లర్‌తో రాజీ పడిన బ్రిటన్ మనతో ఎలా ఉండేదో! ఈ ఆటలో ఒక కాయ జరిపితే పక్కన పది కాయలు కదులుతాయి.

మా అమ్మమ్మకు ఈ పేర్లేవీ తెలియవు. ఆవిడ లెక్కంతా బాంబుల లెక్క. "మీ పెద్దమావయ్య బాంబుల ముందేడు పుట్టాడు. మీ అమ్మ బాంబులెళ్లిన మూడో ఏడు" అనేది. విశాఖలో పాతకాపుల ఇళ్లలో ఈ లెక్క ఇప్పటికీ వినిపిస్తుంది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో సరుకు ఓడలను వరసపెట్టి ముంచేశారు. మన ఊళ్లో జరిగిన నష్టం సింగపూరుతో పోలిస్తే ఏపాటిది? కానీ భయానికి కొలతలుండవు కదా. ఊరు ఖాళీ అయిపోయింది. "గాలిమోటార్లు ఒచ్చాయని అందరూ ఈదిలోకొచ్చి సూత్తన్నారు నాయనా. మనోళ్లవే అనుకున్నాం" అని చెప్పేది అమ్మమ్మ. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం అలాగే వదిలి, చంటిపిల్లాణ్ని చంకనేసుకుని, ఎడ్లబండి మీద చోడవరం దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. ఇంటికి తాళం కూడా వెయ్యలేదట. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు తరలించేశారంటే మామూలు జనం సంగతి చెప్పేదేముంది? అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

ఇంతకీ ఆ రోజు ఢిల్లీలో ఏం జరుగుతోంది? సర్ స్టాఫర్డ్ క్రిప్స్ మన నాయకులతో బేరాలాడుతున్నాడు. మార్చి నెలాఖరున వచ్చిన క్రిప్స్, యుద్ధం అయ్యాక స్వపరిపాలన ఇస్తాం, ఇప్పటికి మాతో కలిసిరండి అన్నాడు. మాటలన్నీ ఒక్కచోట చిక్కుకున్నాయి. రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలి? మాకివ్వండి అని కాంగ్రెస్. కుదరదు అని లండన్. సరిగ్గా ఆ వాదన నడుస్తున్నప్పుడే, ఆ రక్షణ ఎలా ఉందో విశాఖ జనం కళ్లారా చూశారు. నాలుగు రోజుల తర్వాత కాంగ్రెస్ కాదనేసింది. 12వ తేదీన క్రిప్స్ విమానమెక్కాడు.

ఇక్కడే మా మేనల్లుడి పుస్తకాలు ఒక మంచి ప్రశ్న వేస్తాయి. ఆ నెలల్లో లండన్‌లో క్రిప్స్ మామూలు మంత్రి కాదు. ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయాక చర్చిల్ పరపతి బాగా దెబ్బతింది. తర్వాతి ప్రధాని క్రిప్సే కావచ్చని అక్కడ గట్టిగానే అనుకున్నారు. ఢిల్లీలో ఒప్పందం కుదుర్చుకుని వెళ్లుంటే ఏమయ్యేది? వట్టి చేతులతో వెళ్లాడు. జులైలో పార్లమెంటులో చర్చిల్ మీద అవిశ్వాసం పెడితే 475-25తో వీగిపోయింది. ఆగస్టులో క్విట్ ఇండియా, అరెస్టులు. మన పట్టాభి సీతారామయ్యగారు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు మగ్గారు. మర్నాటి సంవత్సరం బెంగాల్ కరువు.

కరువు దగ్గరకొచ్చేసరికి నాకు ఈ ఆట ఆడబుద్ధి కాలేదు. 1943లో ఆ కరువుకు, దాని వెంట వచ్చిన రోగాలకు 20 నుంచి 30 లక్షల మంది పోయారని చరిత్రకారుల అంచనా. ధాన్యానికి ఓడలు కావాలని ఇక్కడి నుంచి అడుగుతుంటే, అడిగినన్ని ఇవ్వడానికి లండన్ యుద్ధ కేబినెట్ ఒప్పుకోలేదు. చర్చిల్ కాకుండా ఇంకొకరుంటే? ఆ ప్రశ్న బెంగాల్లో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. నేను మాత్రం ఒకటి గుర్తు చేస్తాను. ఆ ప్రభుత్వంలో ఉపప్రధాని పేరు క్లెమెంట్ అట్లీ. మనకు స్వతంత్రం ఇచ్చిన అట్లీయే.

అట్లీకీ మనకూ ఉన్న ముడి అక్కడితో ఆగదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు మద్రాసులో హర్తాళ్. పోలీసు తుపాకులకు ఎదురుగా టంగుటూరి ప్రకాశం పంతులు చొక్కా విప్పి గుండె చూపించారు. చిన్నప్పుడు మనమంతా చదువుకున్నాం. ఆ కమిషన్‌లో ఏడుగురు సభ్యులుంటే, వాళ్లలో ఒకడు అట్లీ. ఆ రోజు తుపాకీ పేలి ఉంటే... ఇదిగో, నేనూ మొదలెట్టేశాను!

1945 జులై 5న బ్రిటన్‌లో ఓట్లు వేశారు. లెక్క తేలింది జులై 26న. మూడు వారాల ఆలస్యం ఎందుకంటే, దేశదేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు ఇంటికి చేరాలి కదా. యుద్ధం గెలిపించిన చర్చిల్‌ను జనం ఇంటికి పంపేశారు. 640 సీట్లలో లేబర్‌కు 393. భారత వ్యవహారాల మంత్రి ఎమరీ సొంత సీటే పోగొట్టుకున్నాడు. ఆ ఓటర్లు మన కోసం వేశారనుకుంటే పొరపాటే. వాళ్లకు ఇళ్లు కావాలి, ఉద్యోగాలు కావాలి, ఉచిత వైద్యం కావాలి. అందుకోసం వేసిన ఓట్లు మన జెండాను మార్చాయి.

1947 ఫిబ్రవరి 20న అట్లీ పార్లమెంటులో, 1948 జూన్‌ లోపు అధికారం అప్పగిస్తామన్నాడు. తర్వాత మౌంట్‌బాటన్ వచ్చి ఆ గడువును పది నెలలు ముందుకు లాగేశాడు. ఇప్పుడు విశాఖవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. దీనికి ప్రధానిని మార్చక్కర్లేదు, పార్టీని మార్చక్కర్లేదు. అట్లీ ముందు చెప్పిన గడువు చివరిదాకా ఆగి ఉంటే చాలు.

మన షిప్‌యార్డులో తయారైన మొదటి పెద్ద ఓడ 'జల ఉష'. 8,000 టన్నుల ఓడ. నెహ్రూ చేతుల మీదుగా అది నీళ్లలోకి జారింది 1948 మార్చి 14న. జూన్ గడువే అయితే ఆ రోజుకింకా ఇది బ్రిటిష్ ఇండియా! స్వతంత్ర భారతం కట్టిన ఓడ అని మనం గర్వంగా చెప్పుకునే జల ఉష పరాయి జెండా కింద నీళ్లు తాకేది.

కానీ ఓడ మాత్రం తాకేది. అది గమనించండి. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ ఆ యార్డుకు 1941 జూన్ 21న పునాదిరాయి వేయించింది. ఎవరి చేత? గవర్నరు చేత కాదు, బాబూ రాజేంద్ర ప్రసాద్ చేత. అప్పటికి ప్రధాని చర్చిల్. మన దేశంలో పెద్ద ఓడలు కట్టడం తెల్లదొరలకు ఇష్టం లేని రోజులవి. మధ్యలో బాంబులు పడ్డాయి. అయినా పని ఆగలేదు. లండన్‌లో ఎవరు కూర్చున్నా డాల్ఫిన్స్ నోస్ ఈ పక్కన రివెట్లు కొట్టే చప్పుడు వినిపించేదే. మా తాతయ్య ఆ చప్పుడుకే నిద్ర లేచేవాడట.

ఈ మాట అనగానే, అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మా బావ తలెత్తాడు. బావ స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్‌లో చేసి రిటైరయ్యాడు. "ఓడల సంగతి సరే. ఉక్కు సంగతి చెప్పండి" అన్నాడు.

దానికి 1979 మార్చి 28 రాత్రికి వెళ్లాలి. లేబర్ ప్రధాని కాలహన్. అంతకుముందు శరదృతువులోనే ఎన్నికలు పెడతాడని దేశమంతా అనుకుంది. ఆయన వాయిదా వేశాడు. చలికాలమంతా సమ్మెలు. చెత్త ఎత్తేవాళ్లు లేరు, కొన్నిచోట్ల శవాలు పూడ్చేవాళ్లు లేరు. చివరికి అవిశ్వాస తీర్మానం వచ్చింది. తలలు లెక్కపెట్టుకుంటే సరిసమానం. ఐర్లండు నుంచి ఒక సభ్యుడు, ఓటు వెయ్యకపోవడానికే స్వయంగా వచ్చానని చెప్పి వచ్చి కూర్చున్నాడు. అలాంటివాళ్లు అన్ని సభల్లోనూ ఉంటారు కాబోలు!

లేబర్ సభ్యుడు సర్ ఆల్‌ఫ్రెడ్ బ్రౌటన్ చావుబతుకుల్లో ఉన్నాడు. అంబులెన్సులో తెస్తే దారిలోనే పోవచ్చు. అక్కడో మర్యాద ఉంది. ఒక పక్షంలో మనిషి జబ్బుపడి రాలేకపోతే, అవతలి పక్షం కూడా ఒకర్ని తగ్గించుకుంటుంది. కానీ అంత పెద్ద ఓటింగులో ఎవరు తగ్గుతారు? కన్సర్వేటివ్ ఉపవిప్ బెర్నార్డ్ వెదరిల్, మాటిచ్చాను కాబట్టి నేనే ఓటు మానుకుంటానన్నాడు. లేబర్ ఉపవిప్ వాల్టర్ హారిసన్ వద్దన్నాడు, నీ రాజకీయ జీవితం ఈ రాత్రితో ముగిసిపోతుందని. అవతలి పార్టీవాడి భవిష్యత్తు కోసం సొంత ప్రభుత్వాన్ని వదులుకున్నాడు. ఫలితం 311-310. ఒకే ఒక్క ఓటు. బ్రౌటన్ అయిదు రోజుల తర్వాత కన్నుమూశాడు. మే నెలలో మార్గరెట్ థాచర్ ప్రధాని అయింది.

ఒక్క ఓటు దెబ్బ మనకు కొత్తేం కాదు. 1954 నవంబరులో కర్నూలు అసెంబ్లీలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం, మద్యనిషేధం గొడవలో, ఒక్క ఓటు తేడాతోనే పడిపోయింది. మన విశాఖ తెన్నేటి విశ్వనాథంగారు అందులో మంత్రి. తుపాకీకి గుండె చూపినాయన ఒక్క చెయ్యి పైకి లేవడంతో దిగిపోయారు.

థాచర్ వచ్చాక ఏం జరిగిందో బావకు నేను చెప్పక్కర్లేదు. 1988లో బ్రిటిష్ స్టీల్‌ను ప్రైవేటుకు అమ్మేశారు. ప్రభుత్వానికి కంపెనీలెందుకు అన్న మాట అక్కడి నుంచి దేశదేశాలకూ పాకింది. చిత్రం చూడండి, థాచర్ గద్దెనెక్కిన 1979లోనే విశాఖ ఉక్కు కోసం మనవాళ్లు సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నారు. 1966లో 32 మంది ప్రాణాలు ఒడ్డితే వచ్చిన ప్లాంటు. 1971లో ఇందిరాగాంధీ రాయి వేశారు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021 జనవరి 27న నూటికి నూరు శాతం వాటాలు వదులుకోవాలని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో బావ కూడా కూర్చున్నాడు, అక్క క్యారియర్ పంపేది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు.

"అయితే ఆ జబ్బాయన ఓటు పడుంటే మాకీ గొడవ ఉండేది కాదంటావా?" అన్నాడు బావ.

కాదనే నా అభిప్రాయం. ఆ రాత్రి గెలిచినా కొన్ని నెలల్లో కాలహన్ ఎన్నికలకు వెళ్లక తప్పదు, గడువు అయిపోవచ్చింది. ఆ చలికాలం తర్వాత ఆయన్ను జనం మళ్లీ ఎన్నుకునేవారని నేననుకోను. మార్చదలచుకుంటే ఆ ఓటును కాదు, 1978 శరదృతువులో ఎన్నికలు వాయిదా వేసిన నిర్ణయాన్ని మార్చాలి. అప్పుడు కాలహన్ గెలిచి ఉండొచ్చని వాదించేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. ఒక్క ఓటు కథ వినడానికి బాగుంటుంది. అసలు తప్పు సాధారణంగా ఆర్నెల్ల ముందే జరిగిపోయి ఉంటుంది.

"నాన్నా, ఇది చూడు" అని మేనల్లుడు ఫోను తీశాడు. ఇది ఊహ కాదు, జరిగినదే. 2025 ఏప్రిల్ 12, శనివారం. సెలవుల్లో ఉన్న బ్రిటిష్ పార్లమెంటును పిలిపించి, లేబర్ ప్రధాని కీర్ స్టార్మర్ ఒక్క రోజులో చట్టం చేయించాడు. స్కంథార్ప్ ఊళ్లోని ఉక్కు కర్మాగారం పగ్గాలు చైనా యజమానుల నుంచి తీసుకుని ప్రభుత్వం పట్టుకుంది. థాచర్ అమ్మిన బ్రిటిష్ స్టీల్‌లో మిగిలిన ముక్క అది. ముడిసరుకు తెప్పించడం లేదని, కొలుములు చల్లారిపోతాయని భయం. బ్లాస్ట్ ఫర్నేస్ ఒకసారి చల్లారితే లోపల ఇనుము గడ్డకట్టేస్తుంది. మళ్లీ వెలిగించడమంటే మాటలు కాదు. బావకు అవన్నీ కంఠస్థం. మన ప్లాంటులో ఆ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇంట్లో ఆడపిల్లల గురించి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

ఫోనులో రేవు, ఓడ, బొగ్గు దించుతున్న క్రేను. బావ కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. పార్టీ ఏదని అడగలేదు, ప్రధాని ఎవరని అడగలేదు.

"ఆ ఓడలో బొగ్గు వాళ్లకి ఎన్ని రోజులొస్తుందిట్రా?" అన్నాడు.